4294967297: ప్రధాన సంఖ్య వేషంలో ఉన్న సంయుక్త సంఖ్య

మన లెక్కలో చదివితే ఇది 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. చివర 7 ఉంది కాబట్టి 2తోనూ 5తోనూ పోదు. అంకెల మొత్తం 59, కాబట్టి 3తోనూ పోదు. 7, 11, 13, 17, 19 అంటూ కాగితం మీద భాగించుకుంటూ పోతే ప్రతిసారీ ఏదో ఒక శేషం మిగులుతూనే ఉంటుంది. వందో ప్రధాన సంఖ్య 541. అక్కడిదాకా ఓపిగ్గా వచ్చినవాళ్లకు కూడా ఇది ప్రధాన సంఖ్యేననిపిస్తుంది. ఇంకో పదహారు అడుగులు వేస్తే సంగతి బయటపడుతుంది. 116వ ప్రధాన సంఖ్య అయిన 641 దీన్ని నిశ్శేషంగా భాగిస్తుంది.

4294967297 = 641 × 6700417

పదంకెల సంఖ్య రెండు కారణాంకాలుగా విడిపోవడం వింతేమీ కాదు. దీని ప్రత్యేకతంతా దాని రూపంలో ఉంది: 2³² + 1. ఆ రూపం వల్లే ఇది కొన్ని పేరున్న పరీక్షల్లో ప్రధాన సంఖ్యలా నెగ్గుకొస్తుంది. దీని వర్గమూలం 65536ను వెంట్రుకవాసి దాటుతుంది, 65536 లోపు ప్రధాన సంఖ్యలు 6542. మామూలు సంఖ్య అయితే అన్నింటితోనూ భాగించి చూడాల్సి రావచ్చు. ఇక్కడ అదే రూపాన్ని పట్టుకుని వెళ్తే ఒకటి రెండు భాగహారాలతో పని తేలిపోతుంది.

ఫెర్మా ఎందుకు నమ్మాడు

2ను మళ్లీ మళ్లీ వర్గం చేస్తే 2, 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఒక్కోదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537, 4294967297. వీటినే ఫెర్మా సంఖ్యలంటారు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 3ను ఫ0 అనుకుంటే మన సంఖ్య ఫ5 అవుతుంది.

మిగతా ఘాతాంకాలను వదిలేసి 1, 2, 4, 8, 16, 32 మాత్రమే తీసుకోవడానికి కారణం ఉంది. ఘాతాంకంలో 1 కంటే పెద్ద బేసి కారణాంకం ఉంటే 2 ఘాతానికి 1 కలిపిన సంఖ్య తప్పకుండా విడిపోతుంది. ఉదాహరణకు 2¹² అంటే 16³. రెండు ఘనాల మొత్తానికి వాటి మూలాల మొత్తం భాజకం కాబట్టి 2¹² + 1ను 16 + 1, అంటే 17 భాగిస్తుంది: 4097 = 17 × 241. ఇలా విడిపోయే వీలు లేకుండా మిగిలేవి ఘాతాంకం కూడా 2 ఘాతమే అయినవి మాత్రమే.

మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. 1640లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా తన ఉత్తరాల్లో ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని రాశాడు. రుజువు దొరకలేదని ఒప్పుకుంటూనే తన నమ్మకాన్ని గట్టిగా చెప్పాడు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు ఈ మాటను ఉత్తరంలో మరో గణితజ్ఞుడు ఆయిలర్‌కు గుర్తు చేశాడు. 1732లో ఆయిలర్ ఫ5ను 641 భాగిస్తుందని ప్రకటించాడు. ఆ వ్యాసంలో 641 ఎలా దొరికిందో చెప్పలేదు. భాజకాల మీద తర్వాత రాసిన మరో వ్యాసంలో దారి చూపించాడు.

641 దొరికే దారి

ఫ5ను భాగించే ప్రధాన సంఖ్య ఒకటి ఉందనుకుందాం. దానితో భాగిస్తే 2³² శేషం −1 కావాలి, అంటే నిశ్శేషంగా పోవడానికి ఒకటి తక్కువ. వర్గం చేస్తే 2⁶⁴ శేషం 1. 2 ఘాతాల్లో శేషం మొదటిసారి 1 అయ్యే ఘాతాంకం 64ను భాగించాలి. కానీ 32 దగ్గర −1 వచ్చింది కాబట్టి అది 32నూ, దాని భాజకాలనూ దాటి కచ్చితంగా 64 అవుతుంది. మరోవైపు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తగ్గించి దాన్ని ఘాతాంకంగా వేసినా శేషం 1 రావాలి. రెండూ కుదరాలంటే ఒకటి తగ్గించిన ఆ సంఖ్య 64కు గుణిజం కావాలి.

అంటే భాజకం 64 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉంటుంది. ఆ జాబితా ఇది: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే సమాధానం దొరుకుతుంది.

1878లో ల్యూకాస్ దీన్ని ఇంకా బిగించాడు. పై భాజకాన్ని 8తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రధాన సంఖ్యల విషయంలో, వర్గం చేస్తే శేషం 2 వచ్చే సంఖ్య ఒకటి ఉంటుందని ముందే తెలుసు. ఆ సంఖ్య 64వ ఘాతం 2³²తో సమానం, అంటే శేషం −1. 128వ ఘాతం దగ్గర 1. కాబట్టి గుణిజం 64కు కాక 128కి ఉండాలి. జాబితా 129, 257, 385, 513, 641కు కుదించుకుపోతుంది. ప్రధాన సంఖ్యలు 257, 641 మాత్రమే. అందులో 257 కూడా ఫెర్మా సంఖ్యే. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. ఎందుకంటే ఏ ఫెర్మా సంఖ్య నుంచైనా 2 తీసేస్తే దానికి ముందున్న ఫెర్మా సంఖ్యలన్నిటి లబ్ధం వస్తుంది. ఉమ్మడి భాజకం ఉంటే అది 2ను భాగించాలి, కానీ ఇవన్నీ బేసి సంఖ్యలు. కాబట్టి 257ను చూడకుండానే కొట్టేయవచ్చు. మిగిలింది ఒకే ఒక్క భాగహారం.

ఆ ఒక్కటి కూడా పదంకెల భాగహారం కానక్కర్లేదు. వర్గం చేయడం, 641తో భాగించి శేషం ఉంచుకోవడం, అంతే. 2⁸ అంటే 256. 2¹⁶ అంటే 65536; 641 × 102 = 65382 తీసేస్తే శేషం 154. 154 వర్గం 23716; 641 × 37 = 23717. ఒకటి తక్కువైంది, అంటే 2³² శేషం −1. దానికి 1 కలిపితే సున్నా.

పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే రుజువు వేరు. 641 = 5 × 2⁷ + 1, అలాగే 641 = 5⁴ + 2⁴. మొదటిదాన్నిబట్టి 5 × 2⁷ శేషం −1, దాని నాలుగో ఘాతం 5⁴ × 2²⁸ శేషం 1. రెండోదాన్నిబట్టి 5⁴ బదులు −2⁴ వేయవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది. చూడ్డానికి ముచ్చటైన రుజువే, కానీ 641 చేతికి చిక్కాకే ఇది తడుతుంది. వెతికేవాళ్లకు అక్కరకొచ్చేది 64 నియమమే. ఈ రుజువు నుంచి రాలే ఇంకో ముక్క మాత్రం బాగుంటుంది. 5⁸, 2⁸ రెండింటికీ 641తో శేషం ఒకటే కాబట్టి 10⁸, 2¹⁶ల శేషాలూ ఒకటే, 154. వర్గం చేస్తే 10¹⁶ శేషం కూడా −1. అంటే వంద కోటి కోట్ల మీద ఒకటి, 10000000000000001, అది కూడా 641తో నిశ్శేషంగా పోతుంది.

రెండో ముక్కను తేల్చడం

6700417 సంగతి చూడకుండా విడగొట్టడం పూర్తయిందనలేం. దీన్ని భాగించేది ఏదైనా ఫ5నూ భాగిస్తుంది కాబట్టి 128 నియమం దీనికీ వర్తిస్తుంది. దీని వర్గమూలం 2588 పైన, 2589 లోపు. అంతవరకు 128 గుణిజానికి 1 కలిపిన ప్రధాన సంఖ్యలు అయిదే: 257, 641, 769, 1153, 1409. వీటితో భాగిస్తే శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి 6700417 ప్రధాన సంఖ్య. జాబితా వేసేటప్పుడు 1537 (29 × 53), 1793 (11 × 163), 1921 (17 × 113), 2177 (7 × 311), 2561 (13 × 197) ప్రధాన సంఖ్యల్లా కనిపించి అనవసరపు భాగహారాలు చేయిస్తాయి. చేసినా నష్టం లేదు, సమయమే పోతుంది.

దీంతో ఫ5కు భాజకాలు నాలుగేనని తేలింది. వాటి మొత్తం 642 × 6700418 = 4301668356. ఫ5 కంటే చిన్నవై, దానితో ఉమ్మడి భాజకం లేని సంఖ్యలు 640 × 6700416 = 4288266240.

పరీక్షలు ఎక్కడ మోసపోతాయి

ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో త్వరగా చూడ్డానికి అందరూ మొదట వాడేది ఫెర్మా పరీక్ష. సంఖ్యలో ఒకటి తగ్గించి, 2ను ఆ ఘాతానికి పెంచి, అదే సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. రాకపోతే అది కచ్చితంగా సంయుక్త సంఖ్య. వస్తే ప్రధాన సంఖ్య కావచ్చు, కాకపోవచ్చు. ఈ రెండో సగాన్ని మరిచిపోతే ఎలా బోర్లాపడతామో చెప్పడానికి చిన్న ఉదాహరణ 341 = 11 × 31. పెద్ద ఉదాహరణ ఫ5.

ఫ5లో ఒకటి తగ్గిస్తే 2³². ఫ5తో భాగిస్తే 2⁶⁴ శేషం 1 అని చూశాం. 2³² అనేది 64కు గుణిజం. కాబట్టి 2ను ఆ ఘాతానికి పెంచితే శేషం 1 వచ్చి తీరుతుంది, పరీక్ష నెగ్గినట్టే. ఇందులో ఫ5 గొప్పేమీ లేదు, ప్రతి ఫెర్మా సంఖ్యా ఇలాగే నెగ్గుతుంది. ఇంతకంటే గట్టిదైన మిల్లర్–రాబిన్ పరీక్షలోనూ ఆధారంగా, అంటే ఘాతానికి పెంచే సంఖ్యగా, 2నే పెట్టుకుంటే ఇదే ఫలితం. ఆ పరీక్షలో వర్గాల వరుసలో ఎక్కడో ఒకచోట −1 కనిపించాలి. ఇక్కడ 2, 4, 16, 256, 65536 తర్వాత అయిదో వర్గానికే 2³², అంటే −1 ఎదురవుతుంది. 2 ఘాతం చుట్టూ అల్లిన సంఖ్యను 2తోనే పరీక్షించడం దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే.

ఆధారం 3కు మారిస్తే బండారం బయటపడుతుంది. 1877లో పెపాన్ చెప్పిన పరీక్ష ప్రకారం ఫ1 నుంచి మొదలుకుని ఏ ఫెర్మా సంఖ్య అయినా ప్రధాన సంఖ్య కావాలంటే, 3ను దానిలో ఒకటి తగ్గించి సగం చేసిన ఘాతానికి పెంచినప్పుడు శేషం −1 రావాలి. రాకపోతే సంయుక్తం. అటూ ఇటూ రెండువైపులా తేల్చే పరీక్ష ఇది. ఫ5కు 3ను 31 సార్లు వర్గం చేయాలి. చివరి శేషం 10324303. −1 రావాలంటే 4294967296 కనిపించాలి, రాలేదు. ఇంకోసారి వర్గం చేస్తే 3029026160, ఇది 1 కాదు కాబట్టి సాధారణ ఫెర్మా పరీక్ష కూడా ఆధారం 3తో దీన్ని పట్టేస్తుంది.

చేత్తో చేసినా, ప్రోగ్రాంతో చేసినా ఈ రెండు శేషాలను 641తో సరిచూసుకోవచ్చు. 3 వర్గాల శేషాలు 641తో భాగిస్తే ఏడో వర్గం నుంచి 357, 531, 562, 472 అనే నాలుగింటి మధ్యే తిరుగుతాయి. 31వ వర్గానికి 357, 32వదానికి 531 రావాలి. 10324303ను 641తో భాగిస్తే 357, 3029026160ను భాగిస్తే 531. సరిపోయింది.

విచిత్రమేమిటంటే చిన్న సిద్ధాంతం ఫెర్మాదే, దాన్ని ఉత్తరంలో రాసిందీ 1640లోనే. ఆధారం 3తో 32 వర్గాలు, ఒక్కోదానికి ఒక భాగహారం. ఆ కాలపు గణకుడికి అది ఒకటి రెండు రోజుల పని. భాజకాల రూపం ఆలోచిస్తే ఇంకా తక్కువ.

రెండు వర్గాల మొత్తంగా

4 గుణిజానికి 1 కలిపిన రూపంలో ఉన్న ప్రధాన సంఖ్య రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా వస్తుంది. ఫ5ను చూడగానే ఒక విధం కళ్ల ముందే ఉంది: 65536² + 1². ఇంకోటి దొరికితే ఇది ప్రధాన సంఖ్య కాదని తేలినట్టే. ఉంది కూడా: 62264² + 20449².

రెండు విధాలు చేతిలో ఉంటే కారణాంకాలు తీయడం గ.సా.భా. పని. సరి సంఖ్యల తేడా 65536 − 62264 = 3272. బేసి సంఖ్యల తేడా 20449 − 1 = 20448. ఈ రెండింటి గ.సా.భా. 8. సరి సంఖ్యల మొత్తం 127800, బేసి సంఖ్యల మొత్తం 20450. వీటి గ.సా.భా. 50. 8లో సగం 4, 50లో సగం 25: 4² + 25² = 641. మిగతా కారణాంకానికి మొదటి తేడాలను 8తో భాగిస్తే 409, 2556 వస్తాయి: 409² + 2556² = 6700417. ఇది ఆయిలర్ పద్ధతి. చిక్కంతా రెండో విధాన్ని కనిపెట్టడంలోనే ఉంది, దానికి దగ్గరి దారి లేదు.

వెనక్కి నడిస్తే విషయం ఇంకా విప్పారుతుంది. రెండు వర్గాల మొత్తాన్ని ఇంకో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే, అదీ రెండు విధాలుగా వస్తుందని 628లో బ్రహ్మగుప్తుడు చూపించాడు. 25 × 2556 = 63900, 4 × 409 = 1636. కలిపితే 65536, తీసేస్తే 62264. అలాగే 25 × 409 = 10225, 4 × 2556 = 10224. తీసేస్తే 1, కలిపితే 20449. 10225, 10224 పక్కపక్కన పడటం వల్లే 65536 పక్కన 1² కూర్చుంది.

వర్గాల తేడాగా రాసి విడగొట్టే పద్ధతి ఫెర్మాదే. ఇక్కడ అది పనికిరాదు. ఫ5 = 3350529² − 3349888². వర్గమూలం పక్కన 65537 దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ పెంచుకుంటూ 3350529 చేరడానికి 32,84,993 ప్రయత్నాలు కావాలి. కారణాంకాలు రెండూ దగ్గరదగ్గరగా ఉంటేనే ఆ పద్ధతి చురుగ్గా నడుస్తుంది. 641, 6700417 మధ్య పదివేల రెట్ల ఎడం ఉంది.

రెండు తక్కువైతే

వృత్తలేఖిని, గీతలు లేని స్కేలు మాత్రమే వాడి ఏ క్రమ బహుభుజులు గీయగలమన్నది గాస్ 1801 పుస్తకంలో తేల్చిన విషయం. భుజాల సంఖ్యలో 2 ఘాతాలు, ఒక్కోటీ ఒక్కసారే వచ్చే ఫెర్మా ప్రధాన సంఖ్యలు తప్ప వేరే కారణాంకాలు ఉండకూడదు. ఉంటే గీయలేమన్న భాగానికి 1837లో వాంట్‌జెల్ రుజువు ఇచ్చాడు. 641 ఫెర్మా సంఖ్య కాదు, కాబట్టి 4294967297 భుజాల క్రమ బహుభుజిని గీయలేం. దానికి రెండు భుజాలు తగ్గించి చూడండి: 4294967295 = 3 × 5 × 17 × 257 × 65537. దీన్ని గీయవచ్చు, సిద్ధాంతపరంగా. బేసి భుజాలతో గీయగలమని ఇప్పటికి తెలిసినవాటిలో ఇదే అతి పెద్దది, ఎందుకంటే 65537 తర్వాత ఇంతవరకు ఒక్క ఫెర్మా ప్రధాన సంఖ్యా దొరకలేదు. ఫ6 = 274177 × 67280421310721. ఫ5 నుంచి ఫ32 వరకు అన్నీ సంయుక్తాలేనని తేలింది. ఫ33 సంగతి ఇంకా తేలలేదు. 65537 మాత్రం వెబ్‌సైట్ల సమాచారాన్ని రహస్యంగా ఉంచే ఆర్‌ఎస్‌ఏ తాళాల్లో ఘాతాంకంగా రోజూ పనిచేస్తూనే ఉంది.

ప్రోగ్రాంలో రాసేటప్పుడు

మన 4294967297, 32 బిట్లలో పట్టే అతి పెద్ద విలువ కంటే సరిగ్గా 2 ఎక్కువ. గుర్తు లేని (రుణ సంఖ్యలు పట్టని, unsigned) 32 బిట్ల పెట్టెలో వేస్తే చుట్టు తిరిగి 1గా మారుతుంది. జావాస్క్రిప్ట్‌లో సంఖ్యగా ఉంచితే బాగానే ఉంటుంది, దాని మీద బిట్ల ఆపరేటర్ (ఉదాహరణకు | 0) వాడితే అక్కడా 1 అయిపోతుంది. 32 బిట్ల దశాంశ రకంలో (float) ఆఖరి 1 ఎగిరిపోయి 4294967296 అవుతుంది, అంటే సరి సంఖ్య.

64 బిట్లకు మారితే గొడవ తీరిందనుకోకూడదు. శేషాల లెక్కలో వచ్చే అతి పెద్ద విలువ 2³². దాని వర్గం 2⁶⁴, గుర్తు లేని 64 బిట్ల పెట్టెకు సరిగ్గా ఒకటి ఎక్కువ. చుట్టు తిరిగి సున్నా అవుతుంది. ఆధారం 2తో ఫెర్మా పరీక్ష రాసినప్పుడు ఆరో వర్గానికి జరిగేది ఇదే. సరైన లెక్క అయితే శేషం 1 వచ్చి "ప్రధాన సంఖ్య కావచ్చు" అని చెప్పాలి. చెడిన లెక్క సున్నా చూపించి "సంయుక్తం" అంటుంది. జవాబు నిజమే, దారి తప్పు. ఫ5ను నమూనాగా పెట్టుకుని ప్రోగ్రాం సరిగ్గా ఉందనుకుంటే ఆ లోపం అలాగే దాక్కుంటుంది. గుణకారానికి 128 బిట్ల రకం వాడాలి, లేదా పైథాన్‌లా పరిమితి లేని పూర్ణ సంఖ్యలున్న భాషలో రాయాలి.

వరుసగా భాగించే ప్రోగ్రాంకూ ఇదే జబ్బు. "భాజకం వర్గం సంఖ్యను దాటేవరకు" అని షరతు పెట్టి, భాజకాన్ని గుర్తు లేని 32 బిట్లలో ఉంచితే, ఆ వర్గం కూడా 32 బిట్లలోనే లెక్కవుతుంది, 2³² దాటిన సంఖ్యను ఎప్పటికీ దాటదు. ఫ5తో ఇది బయటపడదు, 641 దగ్గరే ఆగిపోతుంది. 2³² తర్వాత వచ్చే మొదటి ప్రధాన సంఖ్య 4294967311 ఇచ్చి చూడాలి. భాజకాన్ని 3 నుంచి రెండేసి పెంచుతూ పోతే 4294967295 తర్వాత అది 1 అవుతుంది. 1తో భాగిస్తే శేషం సున్నా. రెండు వందల కోట్లకు పైగా భాగహారాల తర్వాత ప్రోగ్రాం ఆ ప్రధాన సంఖ్యను సంయుక్తమని ప్రకటిస్తుంది.